స్నేహితుని యిల్లు, ఇంటి గుట్టు

సంక్రాంతి సెలవులకు గాని వేసవి సెలవులకు గాని మన బోర్డింగు విద్యార్థులలో నొకడు సహపాఠి యింటికి అతిథిగా పోవుట ప్రతి సంవత్సరము జరుగుచున్నదే. పేదయింటి బాలుడు కలవారి యింటికి పోయినపుడు అతనికి వింతగా తోచునవి పెక్కులుండును. విశాలమైన సావిడిని, నౌకరులను, వెండి పళ్లెములను గూర్చి తిరిగివచ్చిన పిమ్మట గదిలోని వారికి వర్ణించి చెప్పును. చెప్పనివియు కొన్ని యుండును. పెరటివైపు గది తలుపు ఎల్లప్పుడు మూసియుండుట, భోజనవేళ ఒక పళ్లెము లోపలికి పోవుట, ఎవరికని అడిగినచో ఇంటివారు మాట మార్చుట అట్టివి. ‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అను సామెత మన మందఱము ఎఱిగినదే. అతిథి నోరు కట్టుకొనవలయుననుటకు దీనినే చెప్పుదురు. సామెతలో సత్యము లేదని మే మనము. కాని గుట్టు బయటపడుటవలన గాక, గుట్టుగా నుంచుటవలననే చేటు మూడిన యిల్లొకటి గత శతాబ్దమున అమెరికాలో నుండెను.

1933వ సంవత్సరమున కనెక్టికట్ రాష్ట్రములోని చోట్ అను బోర్డింగు పాఠశాలలో జాన్ కెనెడీ, లెమ్ బిల్లింగ్స్ అను ఇరువురు బాలురు స్నేహితులైరి. వారిని కలిపినది పాఠశాల వార్షిక సంచిక పనియే. (మన సంచికకు వ్యాసము లిమ్మని యెంత వేడినను ఈయనివారు ఈ సంగతి గమనింతురు గాక!) లెమ్ తండ్రి పిట్స్‌బర్గు పట్టణమున వైద్యుడు. 1929 నాటి ఆర్థిక విపత్తులో ఆ కుటుంబము చితికెను. పిమ్మట తండ్రియు మరణించెను. జాన్ తండ్రి జోసెఫ్ కెనెడీ కోటీశ్వరుడు. లెమ్ ఒక తరగతి ముందున్నవాడయ్యు, స్నేహితునితో కలిసి చదువు ముగించుటకై ఒక సంవత్సరము అధికముగా నచ్చటనే యుండి, 1935లో అతనితోనే బయటికి వచ్చెను. ఇట్టి త్యాగమును మన విద్యార్థులకు మెచ్చి చెప్పుటకు మాకు ధైర్యము చాలదు. సెలవులలో లెమ్ తఱచుగా కెనెడీల యింటనే గడపెను. లెమ్ కూడ తన అన్నలలో నొకడే యని పసితనమున తలంచితినని ఆ యింటి కడగొట్టు కుమారుడు ఎడ్వర్డు తరువాత చెప్పెను.

ఆ యింట తొమ్మండుగురు పిల్లలు. మూడవ సంతానమైన రోజ్‌మేరీ 1918లో జన్మించెను. ఆమెకు బుద్ధివికాసము మందము. చదువుటయు వ్రాయుటయు మిక్కిలి కష్టముతో నేర్చెను. తలిదండ్రులు ఆ సంగతి లోకమునకు తెలియనీయక, ఒక పాఠశాల తరువాత నింకొక పాఠశాలకు పంపుచుండిరి. తండ్రి ఇంగ్లాండులో రాయబారిగా నున్నపుడు, 1938లో, ఆమెను రాజదర్శనమునకు సైతము తీసికొనిపోయిరి. సెలవు దినములలో సోదరులు ఆమెను నాట్యసభలకు వెంటబెట్టుకొనిపోయి, తమ స్నేహితులు ఆమెతో నాట్యమాడునట్లు చూచుచుండిరి. ఆ యింటి దాపరికమంతటిలో మాకు మెచ్చదగినదిగా తోచినది ఇదొక్కటే.

1941 నవంబరులో, ఆమెకు 23 ఏండ్ల వయసున, తండ్రి ఆమె మెదడునకు శస్త్రచికిత్స చేయించెను. దానికి లోబోటమీ యని పేరు. కోపము, చాంచల్యము తగ్గునని వైద్యులు చెప్పిరి. ఆమె మెలకువగా నుండగనే, పాడుమనియు అంకెలు లెక్కించుమనియు అడుగుచు, మాట తడబడువఱకు కోసిరి. నడకయు మాటయు పోయెను. కొంత నడక మరల వచ్చెను గాని మాట సరిగా రాలేదు. 1949 మొదలుకొని విస్కాన్సిన్ రాష్ట్రమున సెయింట్ కొలెట్టా అను ఆశ్రమములో నుండి, 2005లో తన 86వ యేట మరణించెను. ఆమె యెచ్చట నున్నదో తోబుట్టువులకు సైతము బహుకాలము తెలియనీయలేదు.

తండ్రి క్రూరుడని తీర్పు చెప్పి ముగించుట సులభము. మా యభిప్రాయము వేఱు. ఆయన బిడ్డను ప్రేమింపకపోలేదు. ప్రేమతో పాటు పరువును గూర్చిన భయము ఆ యింట నిండియుండెను. ఈ చికిత్స వలదని సోదరి యొకతె విచారించి తల్లికి తెలిపెనని చరిత్రకారులు వ్రాసిరి. ఆ మాట నిలువలేదు. బంధుమిత్రులకు, ఉపాధ్యాయులకు తెలిసిన సంగతియే యైనచో పదిమంది అడ్డుపడియుందురు. గుట్టుగా నుంచిన సంగతికి అడ్డుపడువా రుండరు.

లెమ్‌ను మేము నిందింపము. పిల్లల స్నేహితుని ఆలోచన ఇట్టివాటికి ఎవరడుగుదురు? 1961లో జాన్ దేశాధ్యక్షుడైన పిమ్మట అధ్యక్షభవనమున అతని కొక గది యుండెను. 1981లో తాను మరణించువఱకు ఆ కుటుంబమునకు నమ్మకముగా నుండెను. గుట్టు విప్పినది ఇంటి ఆడబిడ్డయే. రోజ్‌మేరీ చెల్లెలు యూనిస్ 1962 సెప్టెంబరులో ఒక ప్రసిద్ధ వారపత్రికలో తన యక్క మందబుద్ధిని గూర్చి బాహాటముగా వ్రాసెను. అదే యేట తన యింటి ఆవరణమున అట్టి బాలబాలికలకు ఆటల శిబిరము పెట్టెను. 1968లో చికాగో నగరమున ప్రారంభమైన స్పెషల్ ఒలింపిక్స్ దాని ఫలితమే. ఆ కుటుంబము పరువు ఇందువలన తగ్గలేదు.

కావున అతిథిగా పోవు బాలురకు మేము చెప్పునది రెండు మాటలే. చూచినది బోర్డింగులో కథగా చెప్పి నవ్వులపాలు చేయకుడు, అది నీచము. కాని ఆ గదిలోని పిల్లవానిని చూడనట్లు నటింపకుడు. పేరడిగి పలుకరింపుడు, కొంతసేపు ఆడుడు. స్నేహితుడు సిగ్గుపడినచో, అతని సిగ్గు పోవుటకు అంతకంటె మంచి మందు లేదు.

తలిదండ్రులతో మాటలాడుట కొంత కష్టము. వారి భయము ఊరకే పుట్టినది కాదు. కూతుండ్ర పెండ్లి సంబంధములు చెడునని, ఇరుగుపొరుగు ఆడిపోసికొందురని వారి వెఱపు. ఆడిపోసికొనువారిలో మన బడికి బిడ్డలను పంపువారు లేరని మేము ప్రమాణము చేయలేము. అయినను ఇప్పుడు సహాయము దూరమున లేదు. సికింద్రాబాదులోని మనోవికాసనగరున ఇట్టి బిడ్డల నిమిత్తము 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థ కలదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రకారము 6 మొదలు 18 ఏండ్లవఱకు తగిన వైకల్యము గల బాలబాలికలకు ఉచిత విద్య హక్కు.

జూను నెలలో ప్రవేశములు జరుగును. అన్నను చేర్చుటకు వచ్చు తండ్రి, ఇంట నున్న తమ్ముని సంగతి కూడ ఆనాడే ఉపాధ్యాయులతో చెప్పవలెనని కోరుచున్నాము. తరగతిలో ముందు వరుసను ఒక బల్ల చోటు చేయుట మా పని.