ఇంజిన్ మార్చిన కారు: భారం కొన్నవాళ్ల మీదేనా?

శాన్ రామన్‌లో కారు లేకపోతే పని లేదు. పొద్దున సైటు, లేదంటే ఒకరింట్లో వంట, ఇంకొకరింట్లో పిల్లల్ని చూసుకోవడం. బస్సును నమ్ముకుంటే కుదరదు. అందుకే మనవాళ్లు చవగ్గా దొరికిన పాత కారు కొనేస్తారు. స్మాగ్ పరీక్షకు వెళ్లాక గానీ తెలీదు, లోపలున్నది వేరే ఇంజిన్ అని.

అదే రకం ఇంజిన్ వేసుంటే మామూలు స్మాగ్ స్టేషన్ చాలు. వేరే రకమైతే రెఫరీ దగ్గరికి పోవాల్సిందే. ఆ ఇంజిన్ కారు మోడల్ సంవత్సరం కంటే పాతది కాకూడదు, దాని పొగ నియంత్రణ పరికరాలన్నీ ఉండాలి. పాసైతే స్టిక్కర్ అంటిస్తారు, తర్వాత నుంచి మామూలు స్టేషన్‌కే వెళ్లొచ్చు.

రూలు తప్పు అనను. ఆ పొగ పీల్చేది మనమే. కానీ రెఫరీ చుట్టూ తిరిగితే పోయేది మన రోజుకూలి. కాలిఫోర్నియాలో పాత కారు అమ్మేటప్పుడు స్మాగ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సింది మామూలుగా అమ్మేవాళ్లే. "తర్వాత చూసుకుందాం" అంటే ఒప్పుకోకండి. సర్టిఫికెట్ చూశాకే డబ్బులివ్వండి. మొహమాటపడితే నష్టపోయేది మనమే.