ఆంధ్రా ప్యారిస్ నుండి అసలు ప్యారిస్‌కు

మా మేనల్లుడు తెనాలిలో ఉంటాడు. 2023 ఆగస్టులో సైకిలును విప్పి అట్టపెట్టెలో సర్దుకుని ఫ్రాన్సు వెళ్ళాడు. ప్యారిస్ చేరువలోని రాంబుయే నుండి పడమటి కొసనున్న బ్రెస్టుకు, మళ్ళీ అక్కడినుండి వెనక్కు, మొత్తం 1,200 కిలోమీటర్ల పైచిలుకు దూరాన్ని 90 గంటల గడువులో తొక్కాలి. బ్రెస్టు చేరాడు కానీ, తిరుగుదారిలో ఒళ్ళు మొండికేసి ఆగిపోయాడు. నాటినుండి మా బంధువర్గంలో ఏ శుభకార్యానికి వెళ్ళినా ఒకటే పరిహాసం: "సైకిలు తొక్కడానికి ఫ్రాన్సు దాకా పోవాలా? వేమూరు దాకా తొక్కితే చాలదూ?" ఇన్నాళ్ళూ సహించాను. మొన్న సహృదయుడైన సాహితీమిత్రుడొకరు కూడా దీనిని "డబ్బు చేసిన జబ్బు" అని తేల్చేయడంతో ఈ నాలుగు ముక్కలూ రాయక తప్పలేదు.

మొదటి సంగతి. ఇది డబ్బుంటే దొరికేది కాదు. 1891లో పియేర్ జిఫార్ అనే పత్రికా సంపాదకుడు ఈ పందెం పెట్టినప్పుడు, షార్ల్ తెరోఁ అనే ఆయన 71 గంటల 22 నిమిషాలలో నిద్ర లేకుండా తొక్కి గెలిచాడు. తరువాతి కాలంలో ఇది వృత్తి పందెగాళ్ళ చేతినుండి పూర్తిగా మామూలు జనం చేతికి వచ్చింది. నాలుగేళ్ళకొకసారి జరుగుతుంది. మొదటి బహుమతి, రెండవ బహుమతి లేవు. దారిపొడుగునా ఉన్న మజిలీలలో చేతి కార్డు మీద ముద్ర వేయించుకోవాలి, గడువులోగా చేరాలి, అంతే. అందులో పాల్గొనాలంటే అదే ఏడు 200, 300, 400, 600 కిలోమీటర్ల సవారీలు నాలుగూ గడువులోగా ముగించి ఉండాలి. మావాడు వాటికోసం సెలవు దొరికినప్పుడల్లా ఊళ్ళు పట్టుకు తిరిగాడు. బ్రెస్టు దారిలో మొత్తం ఎక్కుడు 11,000 మీటర్లకు పైమాట. మా డెల్టాలో సాధనకు వాడికి దొరికిన కొండ రైల్వే పైవంతెన! దానినే ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. కాబట్టి ఆగిపోయినందుకు వాడిని నవ్వేవారు ముందు ఆ వంతెన నలభైసార్లు ఎక్కి రావాలని మనవి. 2019లో ఎదురుగాలికి, రాత్రి చలికి మన దేశంనుండి వెళ్ళినవారిలో వెనుదిరిగినవారే ఎక్కువ. అది తేలికైన పనేమీ కాదు.

రెండవది, ఇదంతా తెల్లవాడి పిచ్చి అనడం. నా చిన్నతనంలో ఊరి మైదానంలో గుంజలు పాతి, మైకు కట్టి, ఒక మనిషి వారంరోజులు సైకిలు దిగకుండా గుండ్రంగా తొక్కేవాడు. దానిమీదే తిండి, దానిమీదే స్నానం. చివరిరోజున దండ వేసి, చీరలు కట్టుకున్న మగవేషాల డాన్సు పెట్టి, చందాలు వసూలు చేసేవారు. రాత్రి రెండింటికి కూడా ఆడవాళ్ళు వెళ్ళి "పాపం, పడిపోడు కదా" అని చూసి వచ్చేవారు. బ్రిటనీ పల్లెలలో ఈనాటికీ జరుగుతున్నది సరిగ్గా అదే: ఇంటిముందు బల్ల వేసి, అర్ధరాత్రి ఎవరో తెలియని సవారీకి ఊరకే కాఫీ, మంచినీళ్ళు ఇస్తారు. వాళ్ళు నిలుపుకున్నారు, మనం పోగొట్టుకున్నాం. ఇప్పుడు మన దగ్గర సైకిలు అంటే ఏ పార్టీ అని అడుగుతారు.

మిత్రుని మాటలో కొంత నిజం లేకపోలేదు. ఫొటోల కోసం వెళ్ళేవారున్నారు. మోటారుసైకిలు ధరకు మించిన సైకిలు కొని, దాని బరువు గురించి గ్రాములలో మాట్లాడేవారిని నేనూ భరించాను. అయితే వారిని చూపి అందరినీ కొట్టడం న్యాయమా?

అసలు వీళ్ళు అక్కడికి వెళ్ళి కొనుక్కునేది ఏమిటి? రోడ్డు. ఫ్రాన్సులో సైకిలును దాటే వాహనం ఊళ్ళో ఒక మీటరు, ఊరి బయట ఒకటిన్నర మీటరు ఎడం ఇవ్వాలని చట్టం. 1993 నుండి ఏటా జరిగే ఎతాప్ దు తూర్‌లో, తూర్ ద ఫ్రాన్సు వీరులు తొక్కే ఒక రోజు దారిని మామూలు జనం కోసం వాహనాలు లేకుండా మూసివేస్తారు. మావాడు తిరిగివచ్చి చెప్పిన మొదటి మాట గెలుపోటముల గురించి కాదు. "మావయ్యా, రెండు రాత్రులు నా వెనక ఒక్క హారను కూడా వినలేదు" అన్నాడు.

తెనాలి నుండి భట్టిప్రోలు మీదుగా రేపల్లె, అక్కడినుండి చెరుకుపల్లి, కర్లపాలెం దాటి బాపట్ల, పొన్నూరు మీదుగా తిరిగి తెనాలి. కాలువగట్లు, తాటిచెట్లు, బల్లపరుపు నేల. వంద కిలోమీటర్లు దాటే ఈ చుట్టుదారి దేశంలోకెల్లా అందమైన పందెపుదారి కాగలదు. వరికోతలప్పుడు రోడ్డు రైతు కళ్ళం అవుతుంది, అది అతని అవసరం, దానికి అడ్డురాకూడదు. మిగిలిన నెలలలో ఒక్క ఆదివారం ఉదయం నాలుగు గంటలు లారీలను ఆపలేమా? కార్తీక పౌర్ణమికి సూర్యలంక దారిలో బండ్లను మళ్ళిస్తున్నాం. నాయకుడు వస్తే జిల్లా అంతా ఆపుతున్నాం. ఆ నాలుగు గంటలు ఇవ్వకుండా, ఫ్రాన్సు ఎందుకు వెళ్ళావని కుర్రవాడిని నిలదీయడం ఏ ధర్మం?

మావాడు 2027కు మళ్ళీ సిద్ధమవుతున్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి రేపల్లె రోడ్డు ఎక్కుతాడు, ఇసుక ట్రాక్టర్లు బయలుదేరేలోగా ఇల్లు చేరాలని. వాడు గేటు తీసిన చప్పుడు వినేదాకా మా అక్కయ్య కాఫీ ముట్టదు. మా మిత్రుడు ఒక ఆదివారం వస్తానంటే నా పాత సైకిలు గాలి కొట్టించి ఉంచుతాను. భట్టిప్రోలు దాకా చాలు.