దేశము పేర డెబ్బది గంటలు

2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ స్థాపకులలో నొకరగు శ్రీ నారాయణమూర్తిగారు మన యువకులు వారమునకు 70 గంటలు పనిచేయవలెనని సెలవిచ్చిరి. యుద్ధానంతరము జర్మనీ, జపాను దేశములవారు అట్లు శ్రమించియే తల యెత్తిరని వారి వాదము. 2025 జనవరిలో మఱియొక మహాసంస్థ అధ్యక్షులు 90 గంటలు కావలెననిరి. ఆదివారములందు తమ ఉద్యోగులచేత పని చేయింపలేకపోవుచున్నందులకు చింతిల్లిరి. యజమాని సేవకునిచే మఱికొంత పని చేయించుకొనగోరుట లోకమునకు కొత్త గాదు. ఆ కోరికకు దేశభక్తి యను బొట్టు పెట్టి పంపిరి గనుక, దేశము పేరనే సమాధానము చెప్పవలసి వచ్చినది.

బద్ధకమును మేము సమర్థింపము. పనిదొంగలను గూర్చి వ్రాయవలసి వచ్చినపుడు వేఱుగ వ్రాయుదుము. ఇప్పుడు మా యెదుట నున్నది పనిని ప్రేమించి, పనిలోనే హరించిపోవుచున్న వారి సంగతి.

సంక్రాంతికి ఊరు వచ్చిన సాఫ్టువేరు ఉద్యోగిని మన పాఠకులలో చూడనివారుండరు. భోగిమంట యొద్ద నిలిచియు చేతిలోని ఫోను వంకనే చూచుచుండును. పంక్తిలో విస్తరి ముందు కూర్చుండగానే పిలుపు వచ్చును. ఎడమచేత ఫోను పట్టుకొని పెరటిలోనికి పోవును. అమెరికాలో తెల్లవారిన మనకు పొద్దు గూకును గనుక, రెండు దేశముల పగళ్లును ఆతనికి పనివేళలే యగుచున్నవి. తల్లి అడిగిన 'ఏమీ లేదమ్మా' అనును. నిద్రపట్టదు. నిన్న సులభముగ చేసిన పని నేడు కొండవలె తోచును. చమురింకిన ప్రమిదలో వత్తి కాలుచున్నట్టి ఈ స్థితినే ఆంగ్లములో 'బర్న్ ఔట్' అనుచున్నారు.

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో దీనికి లక్షణములు మూడు చెప్పినది: శక్తి యుడిగిపోవుట, చేయు వృత్తియందు విముఖత్వము, పనిలో సామర్థ్యము సన్నగిల్లుట. అది దీనిని రోగములలో చేర్చక, ఉద్యోగమునుండి పుట్టిన అవస్థగా పరిగణించినది. ఈ భేదము చిన్నది గాదు. 'నీ మనస్సు బలహీనము, ధ్యానము చేసికొనుము' అని ఉద్యోగికి బోధించి, కచేరి గడియారమును మాత్రము తాకని పెద్దలు దీనిని గమనింతురు గాక. ఆ సంస్థయే అంతర్జాతీయ కార్మికసంస్థతో కలిసి 2021లో ప్రకటించిన లెక్కనుబట్టి, దీర్ఘకాల పనివేళల మూలమున 2016వ సంవత్సరములో 7,45,000 మంది పక్షవాతముచేతను గుండెజబ్బుచేతను మరణించిరి. వారమునకు 35 నుండి 40 గంటలు పనిచేయువారితో పోల్చిన, 55 గంటలు, అంతకు మించి పనిచేయువారికి పక్షవాతపు ప్రమాదము నూటికి 35 వంతులు హెచ్చు.

జపానును చూపిరి గదా! అతిశ్రమచే వచ్చు చావునకు 'కరోషి' యని పేరు పెట్టుకొనవలసి వచ్చినది ఆ దేశమే. 2014లో దానిని నివారించుటకు ప్రత్యేకముగ చట్టము చేసికొనినది. 2018లో మఱియొక చట్టముచే అదనపు పనికి సామాన్యముగ నెలకు 45 గంటల హద్దు గీచినది. వారు శ్రమించిన కథ చెప్పి, పశ్చాత్తాపపడిన కథ చెప్పకుండుట న్యాయము గాదు.

మన దేశపు కథయు నొకటి కలదు. వారమున కొక్కదినము సెలవు మన మిల్లు పనివారికి దయాధర్మముగ రాలేదు. బొంబాయిలో నారాయణ మేఘాజీ లోఖండేగారు 1884 నుండి అర్జీలు పెట్టి, సభలు జరిపి ఆందోళనము సలుపగా, 1890లో అక్కడి యజమానులు ఆదివారము మిల్లులు మూయుటకు ఒడంబడిరి. 1919లో వాషింగ్టనులో జరిగిన అంతర్జాతీయ ఒప్పందము సామాన్యముగ 48 గంటల వారమును నిర్ణయించి, బ్రిటిషు ఇండియాకు 60 గంటలని వ్రాసినది. 1922 నాటి చట్టములో ఆ 60 గంటలే యుండెను. 1934లో 54 అయ్యెను. 1946లోగాని 48కి దిగలేదు. తెల్లవాని దేహమునకు 48, మన దేహమునకు 60 అను ఆ తారతమ్యమును తుడిచివేయుటకు ఇరువది యేడేండ్లు పట్టినది.

ఇక నేటి లెక్క చూతము. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గము దినమునకు 9 గంటల పరిమితిని 10కి పెంచుటకు అంగీకరించినది. జులైలో తెలంగాణ ప్రభుత్వము వాణిజ్యసంస్థలకు 10 గంటల పనిదినమును అనుమతించినది. వారమునకు 48 గంటల హద్దు అట్లే యున్నదని, మించిన పనికి అదనపు వేతనము వచ్చునని ప్రభుత్వములవారి సమాధానము. నిజమే. కాని రెండుచోట్లను మూడు నెలలకు 144 గంటలు అదనపు పనికి సందు విడిచిరి. పదుమూడు వారములకు పంచిన వారమునకు పదునొకండు గంటలు. 48తో కూడిన 59. పరాయి ప్రభుత్వము మనకు వ్రాసిన 60కి ఒక్క గంట తక్కువ! ఇందులో మాదాపూరు బస్సులో నిలుచుండు గంటలు చేరవు.

2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన కార్మికస్మృతులు దినమునకు 8 గంటలని చెప్పుచున్నవి. అయితే 'పనివాడు' అను మాటకు ఇచ్చిన నిర్వచనములో నిర్వాహకవర్గమువారు లేరు. నెలకు 18,000 రూపాయలకు మించి జీతము గల పర్యవేక్షకులును లేరు. ఇరువదియైదేండ్ల కుఱ్ఱవానికి 'మేనేజరు' పని అప్పగించిన చాలును, ఆతని రాత్రులకు చట్టములో కావలి యుండదు.

యజమానులను తప్పు పట్టుచు మమ్ము మేము విడిచిపెట్టుకొనుట ధర్మము గాదు. గత యేడాది ఒక పెద్ద దావా విచారణకు వచ్చినపుడు, మా యొద్ద పనిచేయు జూనియరును మూడు వారములు వరుసగా రాత్రి పదునొకండు గంటలవఱకు కూర్చుండబెట్టితిమి. మా చిన్ననాట మా సీనియరుగారు మమ్ముల నట్లే చేసిరి గనుక అది శిక్షణ మనుకొంటిమి. ఒక ఉదయము ఆతడు కోర్టు మెట్ల యొద్ద నిలిచిపోయెను. ఏమి బాబూ అంటిమి. 'కాళ్లు కదలడం లేదండీ' అనెను. జ్వరము లేదు. కాగితములన్నియు ఆతనికి కంఠస్థమే. పిఱికితన మని మొదట మనస్సులో ఈసడించుకొంటిమి. అది మా తప్పు. నెలదినములు ఇంట నుండి, వైద్యుని సలహాపై కోలుకొని తిరిగి వచ్చెను. మేము ఆతనిని అదివఱ కొక్కసారియైనను 'భోజనము చేసితివా' యని అడిగినట్లు జ్ఞాపకము లేదు.

దేశసేవకులకు విశ్రాంతి తగదందురా? గాంధీమహాత్ముడు 1927 మార్చిలో ఖద్దరు పర్యటనమునందు రక్తపుపోటుచే పడిపోయెను. వైద్యులు చెప్పగా కార్యక్రమములు రద్దుచేసికొని, నందికొండపై కొన్ని వారములు విశ్రమించెను. 1929 వేసవిలో ఆంధ్రదేశమున ఊరూర తిరిగినది ఆ కోలుకొన్న దేహమే. సోమవారము మౌనము పాటించుటయు లోక మెఱిగినదే. ఒక సోమవారము వైస్రాయితో సమావేశమందును కాగితముపై వ్రాసి చూపెనేగాని మాటాడలేదు. (జాబులు వ్రాయుట మాత్రము మానలేదు. అది మా వంటివారికి అనుకరింపదగినది గాదు.)

కావున రెండు రాష్ట్రముల శాసనసభ్యులను మేము కోరునది యిది: 144 గంటల సందును మూయుడు, నిర్వచనము వెలుపల నున్నవారికిని పనివేళ ముగిసిన పిమ్మట ఫోనుకు బదులీయకుండు హక్కు నిండు. ఫ్రాన్సు 2017 నుండి, ఆస్ట్రేలియా 2024 నుండి దీనిని పాటించుచున్నవి. మానసికవ్యాధికిని శరీరవ్యాధితో సమానముగ వైద్యబీమా వర్తింపవలెనని 2017 నాటి చట్టము చెప్పుచున్నది. ఉద్యోగులు తమ బీమాపత్రములను ఒకసారి చదివికొనవలెను. మనస్సు మరీ క్రుంగిన వేళ 14416 అను సంఖ్యకు ఫోను చేసిన తెలుగులోనే మాటాడువారు కలరు. పఠనాలయ కార్యదర్శులు ఈ సంఖ్యను గోడమీద వ్రాయింతురని నమ్ముచున్నాము.

మా కచేరికి ఇపుడు సాయంత్రము ఏడు గంటలకు తాళము పడుచున్నది, ఆదివారము తెఱవము. మొదటి నెలలోనే కక్షిదారు లిద్దరు అలిగిరి. ఒకరు మరల వచ్చిరి. రెండవవారి కాగితములు ఎదుటి వీథిలోని ప్లీడరుగారి కచేరికి చేరినవి; అక్కడ దీపము అర్ధరాత్రివఱకు వెలుగుచుండును.