ఓడ మీద మినిమం గ్యారంటీ!

ఈ వారం వచ్చిన ఉత్తరాల కట్ట విప్పితే ఎప్పటిలాగే ఫలానా హీరో కొత్త సినిమా ఎప్పుడు, ఫలానా హీరోయిన్ పెళ్లి ఎవరితో అన్న ప్రశ్నలే. వాటి మధ్య ఒకటి మాత్రం వేరుగా కనబడింది. మంఖాల్ నుంచి వచ్చింది. తుక్కుగూడ పక్కన, మహేశ్వరం మండలంలో ఉంది ఆ ఊరు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైనప్పటి నుంచి వీళ్లకి తల మీద విమానాల మోతే మోత. ఇన్నేళ్లూ వాటిని కింద నుంచి చూసిన కుటుంబం ఇప్పుడు ఒకటి ఎక్కబోతోందట. ఇక్కణ్ణించి సింగపూరు, అక్కడ ఓడెక్కి పినాంగు, ఫుకెట్ చుట్టి రావడం. నాలుగు రాత్రుల విహారం. అమ్మానాన్నల పెళ్లయి నలభై ఏళ్లవుతున్న సందర్భం!

రెండు గదులు తీసుకున్నారు. ఒకదాంట్లో ఉత్తరం రాసినాయన, ఆయన భార్య. రెండోదాంట్లో అమ్మ, నాన్న, తమ్ముడు. టికెట్లు కొన్నాక కంపెనీ వాళ్లు ఇంకో కాగితం ముందు పెట్టారు. "డ్రింక్స్ ప్యాకేజీ తీసుకోండి, రోజుకింత కడితే తాగినంత" అని. "సార్, మా నాయినకు రాత్రి రెండు పెగ్గులు అలవాటు. నేను ఎప్పుడన్న ఒక బీరు. అమ్మ, నా భార్య ముట్టరు. ఈ ప్యాకేజీ లాభమా, నష్టమా?" అని అడుగుతున్నారు.

అడగాల్సిన ప్రశ్నే. కానీ ఉత్తరం చివర, సంతకం కింద, చిన్న అక్షరాలతో ఒక్క వాక్యం ఉంది. "తమ్ముడు మానేసి పదకొండు నెలలైంది." అసలు ఉత్తరం అదేనని నాకనిపించింది. దాని సంగతి చివర్లో చెబుతాను. ముందు లెక్క చూద్దాం.

సినిమా పత్రిక చదివేవాళ్లకి ఈ ప్యాకేజీ బోధపరచడం చాలా తేలిక. ఇది అచ్చంగా మినిమం గ్యారంటీ! డిస్ట్రిబ్యూటరు సినిమా చూడకముందే నిర్మాతకి సొమ్ము కట్టేస్తాడు. ఆడితే పైదంతా లాభం. ఆడకపోతే నెత్తిన తడిగుడ్డ. నిర్మాతకి మాత్రం బెంగ లేదు, ఆయన డబ్బు ఆయనకి ముందే వచ్చేసింది. ఓడ కంపెనీ నిర్మాత. మీరు డిస్ట్రిబ్యూటరు. సినిమా ఏమిటంటారా? మీ నాన్నగారి దాహం!

మీ ఓడ ఏదో రాయలేదు. అందుకని లోకంలో బాగా ఎరిగిన రాయల్ కరీబియన్ వారి పద్ధతి తీసుకుని చెబుతాను. మీ కాగితంలోని షరతులు పక్కన పెట్టుకుని పోల్చుకోండి. ప్యాకేజీ ధర ఓడను బట్టీ, తేదీని బట్టీ మారుతుంటుంది. లెక్క కోసం రోజుకు మనిషికి 70 డాలర్లనుకుందాం. దాని మీద 18 శాతం సర్వీసు సొమ్ము పడుతుంది. వెరసి 82 డాలర్ల 60 సెంట్లు. నాలుగు రాత్రులకి నాలుగు రోజుల లెక్క కాబట్టి 330 డాలర్ల 40 సెంట్లు. డాలరు 90 రూపాయలనుకుంటే 29,736 రూపాయలు. ఇది ఒక్క మనిషికి!

ఇహ విడిగా కొనుక్కుంటే? గ్లాసు 13 డాలర్లనుకోండి. 18 శాతం కలిపితే 15 డాలర్ల 34 సెంట్లు. కట్టిన సొమ్ము రాబట్టాలంటే రోజుకు అయిదున్నర గ్లాసులు తాగాలి. అర గ్లాసు ఎవరూ పొయ్యరు కనుక ఆరనుకోండి. ఉదయం కాఫీ దగ్గర్నుంచి మొదలెట్టి ఒక రోజు ఆరు తాగొచ్చు. నాలుగు రోజులూ తాగగలరా? పైగా పినాంగులో, ఫుకెట్‌లో పగలంతా ఒడ్డు మీదే ఉంటారు. అక్కడి దుకాణంలో ఈ ప్యాకేజీ చెల్లదు కదా!

సరే, మీ నాన్నగారు బాగా తాగగల మనిషే అనుకుందాం. ఇక్కడే అసలు మెలిక ఉంది. ఒక గదిలో పెద్దవాళ్లలో ఒకరు మద్యం ప్యాకేజీ తీసుకుంటే ఆ గదిలోని పెద్దవాళ్లంతా తీసుకోవాలి. ఇది రాయల్ కరీబియన్ వారి నిబంధన. చాలా కంపెనీలదీ ఇదే దారి. ఎందుకు పెట్టారో మీకు తెలుసు. ఒకరు టికెట్ కొని, పదిమంది సినిమా చూడకుండా! అంటే మీ నాన్నగారి రెండు పెగ్గుల కోసం అమ్మ పేరు మీదా, తమ్ముడి పేరు మీదా కూడా కట్టాలి. ముగ్గురికి 991 డాలర్ల 20 సెంట్లు. మన డబ్బుల్లో 89,208 రూపాయలు.

ఈ సొమ్మంతా నాన్నగారొక్కరే రాబట్టాలంటే నాలుగు రోజుల్లో 65 గ్లాసులు ఖాళీ చెయ్యాలి. రోజుకు పదహారు పైచిలుకు! కార్నివాల్ అనే కంపెనీ వారి ప్యాకేజీలో రోజుకు 15 మద్యం గ్లాసులు దాటితే ఇక పొయ్యరు. అక్కడైతే ఆయన ఎంత ఓపిక పట్టినా గిట్టుబాటు కాదన్నమాట.

ఇప్పుడు రెండో లెక్క చూడండి. ప్యాకేజీ వద్దనుకుని రాత్రికి రెండు చొప్పున ఎనిమిది పెగ్గులు విడిగా కొంటే 122 డాలర్ల 72 సెంట్లు. రూపాయల్లో 11,045. ఎనభై తొమ్మిది వేలెక్కడ, పదకొండు వేలెక్కడ! మిగిలిన సొమ్ముతో అమ్మకి సింగపూరులో ఏం కొంటారో మీ ఇష్టం.

అలాగని ప్యాకేజీ శుద్ధ దండగ అని నేననను. గదిలో ఇద్దరే ఉండి, ఇద్దరికీ అలవాటుంటే, రోజుల తరబడి రేవు తగలని ప్రయాణమైతే, బారు కాఫీలు, సోడాలు, పళ్లరసాలు, సీసా నీళ్లు కూడా కలుపుకుంటే గిట్టుబాటయ్యేవాళ్లున్నారు. బిల్లు చూసి బెంబేలెత్తే బదులు ముందే కట్టేసి హాయిగా ఉందామనుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లకి నాదొకటే సలహా. ఓడెక్కాక కొనకండి. ముందుగా కొంటే మామూలుగా చవక. ప్రయాణానికి ముందు ధర తగ్గితే పాతది రద్దు చేసుకుని మళ్లీ కొనవచ్చు. ఇంకో మాట, ప్యాకేజీలో ఒక్కో గ్లాసుకి ధర హద్దు ఉంటుంది. ఖరీదైన సీసా మీద వేలు పెడితే తేడా జేబులోంచి పడుతుంది.

"శంషాబాద్ డ్యూటీ ఫ్రీలో సీసా కొని పట్టుకుపోతే?" అని మీలో ఎవరో అనుకుంటున్నారు, నాకు తెలుసు! సాగదు. ఎక్కేటప్పుడు తాగే వయసున్న మనిషికొక ముప్పావు లీటరు వైను సీసా వరకు రాయల్ కరీబియన్ వారు ఒప్పుకుంటారు. విస్కీ, రమ్ము వగైరా అయితే ఎక్కేటప్పుడే తీసేసుకుంటారు, తిరిగి ఇవ్వరు. ఇంటికి తెచ్చుకుంటానంటే మన కస్టమ్స్ వారు మనిషికి రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా వదులుతారు. నాన్నగారి ముచ్చట అలా తీర్చవచ్చు. మంఖాల్ చేరాక, ఆయన మంచం మీద కూర్చుని!

ఇంతకీ ఓడలవాళ్లకి ఈ ప్యాకేజీల మీద అంత ప్రేమ ఎందుకు? టికెట్ మనల్ని ఎక్కించడానికి. మిగతాది ఎక్కాక! 2023లో రాయల్ కరీబియన్ గ్రూపు మొత్తం రాబడి దాదాపు 1,390 కోట్ల డాలర్లయితే, అందులో 30 శాతానికి పైగా టికెట్లు కాక ఓడ మీద ఖర్చుల వగైరాల నుంచి వచ్చిందే. సినిమా హాలు వాడికి సమోసాలు, కూల్‌డ్రింకులు ఎలాగో వీళ్లకి బారు అలాగ.

ఓడకీ మందుకీ చుట్టరికం ఇప్పటిది కాదు. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం ఉన్న రోజుల్లో, ఏ ఊరికీ వెళ్లకుండా సముద్రంలోకి పోయి, తాగి, తిరిగి రావడానికే ఓడలు నడిచాయి. తర్వాత 1977లో అక్కడి టెలివిజన్‌లో "ది లవ్ బోట్" అనే సీరియల్ మొదలై 1986 దాకా నడిచింది. పసిఫిక్ ప్రిన్సెస్ అనే నిజం ఓడ అందులో హీరోయినంత పేరు తెచ్చుకుంది. ఓడ విహారమంటే కోటీశ్వరులదే అనుకున్న మధ్యతరగతి జనం "మనమూ వెళితే బాగుండు" అనుకున్నది దాన్ని చూసే. మన హిందీవాళ్లు 2015లో "దిల్ ధడక్‌నే దో" తీశారు. అందులోనూ పెళ్లిరోజు పండక్కని కుటుంబమంతా ఓడెక్కుతుంది. దిగేలోపు ఇంటి గుట్టంతా బయటపడుతుంది! మన విశాఖకూ 2022 జూన్‌లో కార్డీలియా వారి ఎంప్రెస్ ఓడ వచ్చింది. పుదుచ్చేరి, చెన్నై విహారం. అందులోనూ భోజనం టికెట్లోనే, మందు మాత్రం విడిగా.

మరి మనవైపు నిషేధం మాటో? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ ఊపు రాష్ట్రమంతా పాకింది. 1995 జనవరిలో ముఖ్యమంత్రిగా ఎన్.టి. రామారావుగారు సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. 1997లో దాన్ని సడలించారు. ఆ ఆడవాళ్లు అడిగింది ఒకటే కదండీ, "మా ఇంటాయన కూలి డబ్బు ఇంటికి చేరాలి" అని. ఓడ మీద బిల్లు డాలర్లలో రాసినంత మాత్రాన ఆ లెక్క మారదు.

ఇప్పుడు తమ్ముడి సంగతి.

మన తెరమీద తాగుడు ఎప్పుడూ గొప్పగానే ఉంటుంది. 1953లో "దేవదాసు" చూసి కళ్లు తుడుచుకోనివాళ్లు లేరు. నాగేశ్వరరావుగారు ఆ మత్తు కళ్ల కోసం పెరుగన్నం తిని రాత్రిళ్లు షూటింగులో పాల్గొన్నారు తప్ప చుక్క ముట్టలేదు. ఎం.ఎస్. నారాయణ 1997లో "మా నాన్నకు పెళ్లి"లో తాగుబోతుగా వచ్చి కడుపుబ్బ నవ్వించారు. కట్ చెప్పగానే మత్తు దిగేది సినిమాలోనే. ఇంట్లో కట్ చెప్పేవాడు ఉండడు. పదకొండు నెలల కిందట మీ తమ్ముడు తనకు తనే చెప్పుకున్నాడు. అది మామూలు విషయం కాదు.

ఇప్పుడు ఆ మనిషి చేతిలో ఓడవాళ్లు ఒక కార్డు పెడతారు. గది తలుపు తెరిచేదీ అదే, ఓడ మీద కొనేవన్నీ ఖాతాలో పడేదీ అదే. ప్యాకేజీ ఉంటే దాని మీద తాగినంత తాగవచ్చు. "ఎలాగూ నీ పేరు మీద కట్టాం కదరా, ఒక్కటి పుచ్చుకో" అని ఎవరో ఒకరు అంటారు. చెడ్డ ఉద్దేశంతో కాదు, ప్రేమతోనే అంటారు. నాన్నగారే అనవచ్చు. డబ్బు దండగవుతుందన్న బాధ ఎంతటి మనిషినైనా లొంగదీస్తుంది. మినిమం గ్యారంటీ కట్టిన డిస్ట్రిబ్యూటరు జనం లేకపోయినా ఆటలు ఆపడు చూడండి, ఈడ్చి ఈడ్చి వందరోజుల పోస్టరు వేస్తాడు. అలాగే ఇదీ.

అందుకని నా మాట వినండి. మద్యం ప్యాకేజీ రెండు గదుల్లోనూ వద్దు. నాన్నగారి రెండు పెగ్గులు విడిగా కొనుక్కోండి. ఏ కారణంచేతనైనా తీసుకోక తప్పదనుకుంటే, "మా గదిలో ఒకరు మానేశారు, వారికి మినహాయింపు కావాలి" అని ముందుగానే కంపెనీవారిని రాతలో అడగండి. బాధ పడాల్సిందేమీ లేదు, అలా అడిగేవాళ్లు ఎందరో ఉంటారు. మద్యం లేని ప్యాకేజీ వేరే ఉంటుంది. పళ్లరసాలు, సోడాలు, మంచి కాఫీలు అందులో వస్తాయి. తమ్ముడికి ఇష్టమైతే అది చూడండి. లేదంటే మంచినీళ్లు, టీ, మామూలు కాఫీ, నిమ్మరసం బఫే దగ్గర ఊరికే దొరుకుతాయి.

ఇంకోటి కూడా చెప్పాలి. చాలా ఓడల్లో రోజువారీ కార్యక్రమాల కాగితంలో "ఫ్రెండ్స్ ఆఫ్ బిల్ డబ్ల్యు." అని ఒక పంక్తి ఉంటుంది. ఏదో విదేశీ క్లబ్బు అనుకుని దాటేస్తాం. 1935లో అమెరికాలో ఆల్కహాలిక్స్ అనానిమస్ మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరు బిల్. తాగుడు మానినవాళ్లు గుట్టుగా కలుసుకునే చోటు అది. సముద్రం మధ్యన కూడా తనలాంటివాళ్లు నలుగురున్నారని తెలిస్తే అదెంత ధైర్యం!

అన్నిటికంటే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. నన్ను అడిగిన ప్రశ్న మీ తమ్ముణ్ణే అడగండి. "ఏమిరా, ఏం చేద్దాం?" అని. అతని వెనక మంతనాలాడి, అతన్ని కాపాడుతున్నామనుకోవడం అతనికి అవమానం. బయల్దేరే లోపే అడగండి. నాన్నగారు కూడా పక్కనే ఉంటే మరీ మంచిది. ఎవరు చూశారు, ఆ నాలుగు రాత్రులూ ఆయనే రెండు పెగ్గులు ఒకటి చెయ్యవచ్చు!

నలభై ఏళ్లు సంసారమనే సినిమా ఆడించిన దంపతులు మీ అమ్మానాన్నలు. ఏ గ్యారంటీ లేకుండానే ఆడించారు. నాలుగో రాత్రి డెక్కు మీద అయిదుగురూ కలిసి తీయించుకున్న ఫొటో ఒకటి మాకు పంపండి. చేతుల్లో ఏ గ్లాసులున్నాయో మేం చూడం. తమ్ముడు నవ్వుతున్నాడా లేదా అన్నదే చూస్తాం.