వెన్నుచూపు విద్య

శత్రువునకు వెన్నుచూపుట వీరునకు తలవంపులని మన కావ్యములు పలుమారులు చెప్పినవి. పల్నాటి వీరగాథలు వినుచు పెరిగిన జాతికి ఆ మాట వేరుగ చెప్పనక్కరలేదు. అయినను భాగవత దశమస్కంధమున కాలయవనుని కథ చదివిన విద్యార్థి ఒకచోట ఆగి ఆలోచింపవలసియే యున్నది. మథురను ముట్టడించిన కాలయవనుని యెదుట శ్రీకృష్ణుడు ఆయుధమైనను లేక కోట వెలువడి పరుగు లంకించుకొనెను. ఆ పరుగు విచిత్రమైనది. తరుముచున్నవానికి అడుగడుగునను చేతికి చిక్కినట్లే యుండును, కాని చిక్కడు. మిక్కిలి దూరము పోయినచో యవనుడు విసిగి వెనుకకు మరలి మథురపై పడును. మిక్కిలి దగ్గరైనచో పట్టుకొనును. ఈ రెంటి నడుమ కొలత తప్పక పరుగెత్తుచు కృష్ణుడు వానిని ఒక కొండగుహకు కొనిపోయెను. అందు నిద్రించుచున్న ముచుకుందుని కృష్ణుడే యనుకొని యవనుడు కాలదన్నెను. మేల్కొన్న రాజు చూపు సోకి భస్మమయ్యెను.

నేడు కంప్యూటరు తెరల ముందు కూర్చుండి యువకులు గంటల తరబడి అభ్యసించుచున్న ‘కైటింగ్’ అను విద్యకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు. కైట్ అనగా ఆంగ్లమున గాలిపటము. సంక్రాంతి దినములలో మేడలెక్కి పటము లెగురవేయు పిల్లలకు ఈ పేరులోని సొగసు వెంటనే తెలియును. దారము మరీ వదులైన పటము వ్రాలును, మరీ బిగువైన తెగును. ఆటలో దారము కంటికి కనబడదు. శత్రువునకును ఆటగానికిని నడుమ గల ఎడమే ఆ దారము. 1999లో వెలువడిన ఎవర్‌క్వెస్ట్ అను ఆటను ఆడువారి నోట ఈ మాట బాగుగ నలిగినది. అందు బలవంతమైన జంతువు నడకను మంత్రముతో మందగింపజేసి, అందనంత దూరమునుండి కొట్టుచు, అది దగ్గరకు రాగానే మరల పరుగెత్తుట పరిపాటి. ఒకేసారి నాలుగింటిని ఇట్లు వెంట త్రిప్పుకొను గట్టివారును ఉండిరి. తెలుగున దీనికి పేరు పెట్టవలసినచో ‘ఊరించి త్రిప్పుట’ యన్న చాలును. పల్లెటూరి పిల్లవానికిని తెలియును. పరిభాషా సంఘము కూర్చుండ నవసరము లేదు.

ఈ విద్య నిజముగ పరీక్షకు నిలుచునది నలుగురు కూడి ఆడు జాంబీల ఆటలలోనే. జాంబీ యనగా చచ్చియు లేచి నడచు మనిషి. ఈ కల్పనకు నేటి రూపము నిచ్చినది 1968లో జార్జి రొమేరో తీసిన నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్ అను చిత్రము. ఆ చిత్రమున జాంబీ యను మాట ఒక్కమారైనను వినబడకపోవుట ఒక వింత. పొలములోని ఒక యింట చిక్కుకొన్న కొందరు మనుష్యులు, పై గదులలో నిలిచి కాచుకొనవలెనా, నేలమాళిగలో దాగవలెనా యని కలహించుకొందురు. బయట నున్న శవములు మెల్లగ నడచునవి. లోపలి కలహమే వారిని ఎక్కువగ చెరచినది. జాంబీల కథకు మూలకందము ఇదియే గాని, నెత్తురు కాదు.

2008 నవంబరులో అమెరికాలో రెండు ఆటలు వెలువడినవి. ఒకటి ట్రేయార్క్ సంస్థ చేసిన కాల్ ఆఫ్ డ్యూటీ: వరల్డ్ ఎట్ వార్. దానిలోని యుద్ధకథ ముగిసిన పిమ్మట తెరచుకొను అనుబంధముగ జాంబీల ఆట యుండెను. రెండవది వాల్వ్ సంస్థ వెలువరించిన లెఫ్ట్ ఫోర్ డెడ్. రెంటను నలుగురు కూడి ఆడవచ్చును. కాని సహకారమను మాటను ఈ రెండు ఆటలును రెండు తీరుల నర్థము చేసికొన్నవి.

మొదటి ఆటలో జాంబీలు అలలుగ వచ్చును. తొలి అలలలో తూలుచు నడచును. పోను పోను పరుగెత్తును, ఎక్కువ దెబ్బల కోర్చును. గోడకు చేరబడి కాల్చువాడు కొంతసేపటికి గుండ్లు చాలక నేలగూలును. అందుచే ఆటగాండ్రు విశాలమైన చోటు చూచుకొని పెద్ద వలయముగ పరుగెత్తుదురు. నలువైపులనుండి వచ్చు జాంబీలన్నియు ఒక్క గుంపై వెనుక పడును. గుంపు బాగుగ కూడిన పిమ్మట వెనుదిరిగి కాల్చి, మరల వలయము తిరుగుదురు. దీనికి వారు పెట్టుకొన్న పేరు ‘ట్రైనింగ్’. జాంబీలు రైలుబండి పెట్టెలవలె వెనుక సాగుచుండును గనుక ఆ పేరు వచ్చినది. అదే మాటకు ఆంగ్లమున శిక్షణ యనియు నర్థముండుట శ్లేషప్రియులకు విందు. 2010లో బ్లాక్ ఆప్స్‌తో వచ్చిన కినో డెర్ టోటెన్ అను పటమున పాడుబడిన నాటకశాల యొకటి కలదు. ఆ రంగస్థలము ఈ వలయములకు పేరుపొందినది. ప్రేక్షకులు లేని రంగమున ఒక్క నటుడు, వాని వెనుక శవముల మేళము!

ఈ అభ్యాసమునకు ఒక క్రమము కలదు. దానిని తేలికగ తీసివేయువారు ఒకమారు చేసి చూడవలెను. మంచి అభ్యాసకుడు మొదట తుపాకి ముట్టడు. నాలుగైదు జాంబీలు మాత్రమే యున్నప్పుడు ఒక్క గుండైన కాల్చక పది వలయములు తిరుగును. వలయము చిన్నదైనచో వెనుక నున్నది అడ్డదారిన కోసికొని వచ్చి ముందు నిలుచును. చాపముకంటె జ్యా పొట్టిదని లెక్కల మాస్టరు నల్లబల్లపై గీసి చూపినది ఇక్కడ వీపుపై దెబ్బగ తెలియును! పిమ్మట కన్నుల శిక్షణ. క్రొత్తవాడు మాటిమాటికి వెనుకకు చూచును. కాని చంపునది తరచుగ ముందు కిటికీనుండి దిగివచ్చు క్రొత్త జాంబియే. నేర్చినవాడు వెనుకటి గుంపును చెవులతో కనిపెట్టుచు కన్నులను ముందే ఉంచును. వేగముగ పరుగెత్తు శక్తికి పరిమితి కలదు గనుక దానిని మలుపులకై దాచుకొనును. తుపాకిలో గుండ్లు నింపుట ఇరుకు దారిలో పెట్టుకొనడు. అన్నిటికంటె కష్టమైనది ఆశను అణచుకొనుట. ఒక్కటి చేతికందునంత దగ్గరగ వచ్చినప్పుడు ఆగి కొట్టవలెనని చేయి దురద పెట్టును. ఆగినవాడు ఆ ఒక్కదానిని చంపును. మిగిలిన ఇరువది వానిని చంపును. ఇంత నిదానమును ఏ పాఠశాల పరీక్షయు బాలునినుండి కోరదు.

ఇంతవరకు విద్య మంచిదే. చిక్కు ఇచటనుండియే. ఈ పరుగు నేర్చినవారు నలుగురు ఒక ఆటలో చేరినప్పుడు తరచుగ జరుగునదేమి? నలుగురును నాలుగు మూలలకు పోయి నాలుగు వలయములు త్రిప్పుచుందురు. ఒకరికొకరు అడ్డు రాకుండుటయే వారి సహకారము. ఒకని దారిలోనికి మరియొకడు వచ్చెనా, రెండు గుంపులు కలిసి ఇద్దరును చత్తురు, అటుపిమ్మట తిట్లు. ఒకడు నేలకూలి సాయమునకై ఎదురుచూచుచుండగ, వెనుక ఇరువది జాంబీలను వేసికొని వచ్చు స్నేహితుడు వానిని లేవనెత్తలేడు. అతడు రాకుండుటయే మేలు! పడినవాడు ప్రాణము విడిచి, తరువాతి అలలో కొన్న ఆయుధములు పోగొట్టుకొని చేతిలో చిన్న తుపాకితో తిరిగివచ్చును. వచ్చి ఎచటికి పోవలెను? మంచి చోటులన్నియు వలయములవారు ఆక్రమించియే యున్నారు. ఈ క్రొత్తవాని దుర్దశను గూర్చి ఎవరును ఆలోచింపరు. ఒంటరిగ అభ్యసించిన విద్య ఒంటరిగనే పనిచేయుననుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

లెఫ్ట్ ఫోర్ డెడ్ నిర్మాతలు ఈ జబ్బును మొదటనే పసికట్టిరి కాబోలు. వారి ఆటలో హంటర్ అను జాంబీ దూరమునుండి ఎగిరి మీద పడి అదిమిపట్టును. స్మోకర్ అనునది పొడవైన నాలుకతో చుట్టి ఈడ్చుకొనిపోవును. ఒకమారు పట్టుబడినవాడు ఎంత నేర్పరియైనను తనంత తాను విడిపించుకొనలేడు. తోడివాడు వచ్చి కొట్టి విడిపింపవలసినదే. గుంపు విడిచి ముందుకు పరుగెత్తిన మేటి ఆటగాడు నాలుగడుగుల దూరమున స్నేహితులు లేక చచ్చుట ఆ ఆటలో నిత్యము చూచునదే. అయినను అందు ఊరించి త్రిప్పుట లేకపోలేదు. ట్యాంక్ అను మహాకాయము వచ్చినప్పుడు అది ఒకనిపై కన్నువేయును. ఆ ఒక్కడు బండల చుట్టు, బండ్ల చుట్టు తిరుగుచు దానిని త్రిప్పవలెను. మిగిలిన ముగ్గురు కాల్చవలెను. ఆరోగ్యము నలుబదికి తగ్గినవాడు కుంటును గనుక వానికి ఈ పరుగు సాధ్యము కాదు. కావున పరుగు ముగ్గురు చూచుచుండగ సాగును. ముగ్గురును తుపాకు లెక్కుపెట్టిన మైదానములోనికే అది నడువవలెను. కృష్ణుని పరుగునకు ముచుకుందుని గుహ గమ్యమైనట్లు, ఇచట పరుగునకు గమ్యము కలదు. నాటకశాలలోని వలయమునకు అది లేదు.

ఒంటరి అభ్యాసమును సమర్థించువారి వాదము ఒకటి బలమైనదే. 2009లో ట్రిప్‌వైర్ సంస్థ వెలువరించిన కిల్లింగ్ ఫ్లోర్ అను ఆటలో ఆరుగురు వరకు కూడి ఆడుదురు. ఒక అల నడుమ ఐదుగురు చచ్చినను, మిగిలిన ఒక్కడు ఆ అలను ముగించినచో అందరును మరల బ్రదికి వత్తురు. వాడును చచ్చెనా, అందరి ఆటయు ముగిసినదే. అట్టి సమయమున ఆ ఒక్కడు తుపాకి దాచి కత్తి పట్టుకొని పరుగెత్తును. బరువు తగ్గినచో వేగము హెచ్చునని ఆ ఆట నియమము. చచ్చిన ఐదుగురును ఊపిరి బిగబట్టి వాని పరుగునే చూచుచుందురు. మన చెడుగుడులోను ఔటై గీత వెలుపల కూర్చున్నవారు కూతకు పోయిన చివరివానిని ఇట్లే చూతురు. వాడొకనిని తాకి తిరిగివచ్చెనా, కూర్చున్నవారిలో ఒకడు లేచి ఆటలోనికి వచ్చును. ఈ ఒంటరి పరుగును స్వార్థమనువాడు ఆట ఎరుగనివాడు. అది నేర్వవలసినదే. అయితే చెడుగుడు జట్టులో చివరివానిగ మిగులుటయే గొప్ప యని ఎవ్వరును అనుకొనరు. తనవారందరు ఔటగునట్లు ఆడి చివర మిగిలి చప్పట్లు కొట్టించుకొనువానిని మరునాడు జట్టులో చేర్చుకొనరు. తెరమీది ఆటలో అట్టివానికి అభిమానులు దొరకుచున్నారు. ఇది విచారింపదగినది.

లెఫ్ట్ ఫోర్ డెడ్‌లో ఒక్కడే ఆడినను తక్కిన ముగ్గురిని కంప్యూటరే నడపును గనుక తోడులేనివాడు అట్లు సాధన చేయవచ్చునని కొందరందురు. చేయవచ్చును. కాని ఆ యంత్రపు తోడివారు అలుగరు, దారి తప్పరు, భయపడరు. వారితో నేర్చిన వేళాజ్ఞానము మనుష్యుల నడుమకు వచ్చిన తొలినాడే చెల్లకుండ పోవును.

మరి క్రొత్తవాడు ఎచట నేర్వవలెను? దానికి తగిన చోటు ఆ మొదటి ఆటలోనే కలదు. పండితులు దానిని చులకన చేసిరి. ఆ ఆటలో అలలోని కడపటి జాంబీ చచ్చువరకు తరువాతి అల రాదు. కావున అనుభవజ్ఞులు చివరిదానిని చంపక విడిచిపెట్టి, ఆ వ్యవధిలో ఆయుధములు కొనుక్కొందురు, కిటికీలు బాగుచేసికొందురు. ఎవరో ఒకడు ఆ ఒక్క జాంబీని వెంటబెట్టుకొని తిప్పుచుండవలెను. మేటివారు ఈ పనిని విసుగుతో చేయుదురు. విసుగులో చంపివేయుటయు కద్దు. ఈ పని అందరిలో చిన్నవానికి అప్పగింపవలెను. అందు ఒక్కటే శత్రువు. తప్పు చేసినను ముగ్గురు దగ్గరనే యున్నారు. ఎడము కనిపెట్టుట, మలుపు వెడల్పుగ తీయుట, చంపగలిగియు చంపకుండుట, ఇవన్నియు ఇచట నేర్వవచ్చును. అన్నిటికి మించి, తన పరుగు మరి ముగ్గురి పనికొరకని మొదటినాడే తెలియును. వలయములతో మొదలుపెట్టినవానికి ఈ సంగతి ఏండ్లకును తెలియకపోవచ్చును. తరగతిలో మందకొడి పిల్లవానికి ఏ పనియు నప్పగింపక, పిదప వానికేమియు రాదని విసుగుకొను అలవాటు ఆటగాండ్రకు ఎవరినుండి అబ్బినదో ఉపాధ్యాయులు ఆలోచింతురు గాక.

పై రెండు ఆటలును పదునేడేండ్లు నిండినవారికని అమెరికాలో వర్గీకరింపబడినవని తల్లిదండ్రులు గుర్తుంచుకొనవలెను. చిన్న తరగతుల పిల్లలకు చెడుగుడు బరి చాలును. కళాశాల విద్యార్థులు ఆడుచునే యున్నారు. ఆడవద్దని చెప్పి లాభము లేదు. వారితో చెప్పదగినది వేరు. ఈ రాత్రి ఆటకు కూర్చున్నప్పుడు కడపటి జాంబీని క్రొత్తగ చేరిన పిల్లవాని కిచ్చి, నాటకశాల రంగము ఖాళీచేసి, తిరుగుమనవలెను. ముగ్గురును తమ తమ పనులు చూచుకొనవలెను. పనులు ముగిసినవని నోరు తెరచి చెప్పువరకు వాడు దానిని చంపడు. చెప్పుట మాత్రము మరువరాదు.