తండ్రి నుండి తనయునికి

సంతానం కలుగని ఇంట మొదటి నింద ఇల్లాలిపైనే పడుతుంది. వ్రతాలు, మొక్కులు, వైద్యపరీక్షలు అన్నీ ఆమెకే. భర్తను పరీక్షించాలన్న మాట ఆలస్యంగా వస్తుంది. వచ్చినా, భిలాయిలోని పవర్ హౌస్ వంటి కార్మికుల పేటలో ఉక్కు కొలిమి వేడిమే కారణమని సరిపెట్టుకోవడం సులభం. అధికమైన వేడిమి శుక్రకణాల ఉత్పత్తిని తగ్గించే మాట నిజమే. కాని వేడికి దూరమైతే ఆ లోటు చాలావరకు తీరుతుంది. పుట్టుకతో వచ్చిన జన్యులోపం అలా తీరేది కాదు.

పురుషత్వాన్ని నిర్ణయించేది వై క్రోమోజోము. శుక్రకణాల ఉత్పత్తికి అవసరమైన అంశం దాని పొడవైన భుజంలో ఉన్నదని 1976లో ఇటలీ శాస్త్రజ్ఞులు టియెపోలో, జుఫార్డీ సూచించారు. మన దేశంలో ఈ లోపం ఎంత? హైదరాబాదులోని సి.సి.ఎం.బి. పరిశోధనాలయానికి చెందిన తంగరాజ్, లాల్జీ సింగ్ ప్రభృతులు, వీర్యంలో శుక్రకణాలే లేని 340 మందిని పరీక్షించి 2003లో ఫలితాలు ప్రకటించారు. వారిలో 29 మందికి వై క్రోమోజోములో ముక్కలు లోపించాయి. అంటే నూటికి ఎనిమిదిన్నర మంది.

ఒకే ఒక శుక్రకణాన్ని సన్నని సూదితో అండంలోకి ప్రవేశపెట్టి గర్భధారణ సాధించినట్లు 1992లో బ్రస్సెల్స్ వైద్యులు వెల్లడించారు. ఆశ వదులుకున్న పురుషులెందరో ఆ పద్ధతితో తండ్రులయ్యారు. అయితే తండ్రి వై క్రోమోజోము కుమారునికే సంక్రమిస్తుంది. దానితోపాటు లోపమూ సంక్రమిస్తుంది. కుమార్తెలకు ఆ బెడద లేదు.

కనుకనే చికిత్సకు ముందు భర్తకు రక్తపరీక్ష అవసరం. లోపించిన భాగాలను వైద్యులు 'ఎ', 'బి', 'సి' అని వ్యవహరిస్తారు. 'ఎ' లేక 'బి' పూర్తిగా లోపిస్తే వృషణం నుండి శుక్రకణం లభించే ఆశ దాదాపు ఉండదు. వృథా శస్త్రచికిత్స తప్పుతుంది. 'సి' మాత్రమే లోపిస్తే ఆశ మిగులుతుంది. ఒక ఎక్స్ క్రోమోజోము అదనంగా ఉండే క్లైన్‌ఫెల్టర్ స్థితి కూడ రక్తపరీక్షలోనే బయటపడుతుంది. శుక్రవాహికలు పుట్టుకతో లేనివారిలో తరచు సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వ్యాధికి చెందిన జన్యులోపం కనిపిస్తుంది. అప్పుడు భార్యనూ పరీక్షించాలి. లోపం ఇద్దరిలో ఉంటే బిడ్డకు ఆ వ్యాధే రావచ్చును.

నిజం ముందుగా తెలిసిన దంపతులు చికిత్సకు పూనుకోవాలా, దత్తత తీసుకోవాలా అన్నది తామే నిర్ణయించుకోగలరు. ఇందుకు కావలసినవి కొద్దిపాటి రక్తం, భర్త సమ్మతి. రెండవదే దుర్లభం. అది లభించేవరకు నింద మోసేది ఇల్లాలే.