చక్రాల మీద వంటిల్లు

"ఇంటినే వెంటబెట్టుకుని వెళ్లే సెలవు" అని ఈమధ్య ఎక్కడ చూసినా ఒకటే ఊదర. మంచం, ఫ్రిజ్జు, గ్యాస్ స్టవ్వు, సింకు, బాత్‌రూము అన్నీ అమర్చిన బండిలో మొగుడూ పెళ్లాం సముద్రం పక్కన పది రోజులు తిరిగి రావడం. అమెరికాలో ఆర్‌వీ అంటారు, మనవాళ్లు క్యారవాన్ అంటున్నారు. ఆ మాట రాసినవాళ్లెవరో గానీ ఇల్లు నడిపిన మనిషి మాత్రం కాదు. నాలుగు రోజులు ఇంట్లోంచి బయటపడదామనే కదండీ సెలవు? ఆ ఇల్లు కూడా నా వెనకాలే వస్తే ఇంక నేను ఎక్కడికి వెళ్లినట్టు?

బీఏలో మాకు సమాసాలకు విగ్రహవాక్యాలు చెప్పించేవారు. చక్రాల ఇల్లు అంటే చక్రాలు గల ఇల్లు. అది మగవాళ్లు చెప్పే విగ్రహవాక్యం. నేను చెప్పేది పైన శీర్షికలో రాశాను.

మా ఆడపడుచు ఫీనిక్స్‌లో ఉంటుంది. పోయిన చలికాలంలో ఆమె, వాళ్లాయన పాత ఆర్‌వీ ఒకటి కొనుక్కుని మెక్సికో వెళ్లారు. ఫీనిక్స్ నుంచి నాలుగు గంటల దారి. దారంతా సొనోరా ఎడారి, చేతులెత్తి నిలబడ్డ మనుషుల్లా సగ్వారో జెముళ్లు. ఆ ఎడారి పోయి పోయి సముద్రంలోకే దిగుతుంది. అక్కడ కాలిఫోర్నియా సింధుశాఖ ఒడ్డున ఉన్న ఊరు ప్యూర్టో పెన్యాస్కో. అరిజోనావాళ్లు రాకీ పాయింట్ అంటారట. జనవరిలో కూడా పగటిపూట స్వెట్టర్ అక్కర్లేదు. అక్కడి నుంచి ఒడ్డు వెంబడే ఇంకా కిందికి వెళ్లి, పది రోజులకు తిరిగొచ్చారు. ఫొటోలు మా కుటుంబం గ్రూపులో పెట్టారు. ఒకదాంట్లో అన్నయ్యగారు మడతకుర్చీలో కూర్చుని కాఫీ కప్పుతో సముద్రంకేసి చూస్తున్నారు. మా ఆయన దాన్ని పెద్దది చేసి చేసి చూశారు. ఆ కాఫీ కలిపిందెవరో, ఫొటో తీసిందెవరో అందులో పడలేదు.

పడనిదంతా ఆమె నాతో ఫోన్‌లో గంటన్నర చెప్పింది. రెండు పొయ్యిల స్టవ్వు, పీటంత గట్టు. ఎడారి కదా, నీళ్లు పట్టుకునే చోటు దొరికేదాకా టాంకులో ఉన్నవే నీళ్లు. వాడిన నీళ్లు కింద ఇంకో టాంకులోకి పోతాయి, అది నిండితే సింకు వాడకూడదు. అందుకని కంచాలు ముందు కాగితంతో తుడిచి, తర్వాత గ్లాసుడు నీళ్లతో కడిగేదట. అలమర గడియ పడలేదేమో, మొదటి రోజే కందిపప్పు డబ్బా జారి బండంతా పప్పు. ఇసుక సరేసరి. "ఇంట్లో నాలుగు గదులు ఒకసారి ఊడుస్తాను వదినా, ఇక్కడ ఒక్క గది నాలుగుసార్లు ఊడ్చాను" అంది. అన్నయ్యగారు రెండుసార్లు పాయిఖానా టాంకు ఖాళీ చేశారు. గ్లవుజులు, గొట్టం, వాసన, ఆ కథ ఇప్పటికి మా చుట్టాలందరికీ తెలుసు. ఆమె పది రోజులు, మూడు పూటలా వండింది. అదెవరికీ కథలా అనిపించలేదు.

ఇది చెబితే మా ఆయన వెంటనే అన్నారు: "మరి బండి నడిపింది ఆయనే కదా!" నడిపారు, కాదనను. కానీ బండి ఆగితే డ్రైవరు పని అయిపోతుంది. బండి ఆగాకే వంటమనిషి పని మొదలవుతుంది. 1954లో 'ది లాంగ్, లాంగ్ ట్రైలర్' అని ఒక హాలీవుడ్ సినిమా వచ్చింది. మొగుడు ముందు కారు నడుపుతుంటే, వెనక ట్రైలర్‌లో లూసిల్ బాల్ వంట మొదలుపెడుతుంది. ప్రతి కుదుపుకీ గిన్నెలు ఆవిడ మీద, ఆవిడ గిన్నెల మీద. నవ్వొచ్చే సీనే, నేనూ నవ్వాను. అయితే డెబ్భై ఏళ్లు దాటాక అదే సీను ఫీనిక్స్ నుంచి ఫోన్‌లో వింటే నవ్వు రాలేదు.

2024లో కేంద్ర ప్రభుత్వం చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం మన దేశంలో జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారు, చేసే మగవాళ్లు 88 నిమిషాలు. ఆ 289 నిమిషాలకు చక్రాలు బిగించి సెలవు అని పేరు పెట్టడమేమిటి అన్నదే నా గొడవ.

ఇప్పుడు మన దగ్గరికీ వస్తోంది. కేరళ 2021లోనే 'కేరవాన్ కేరళ' అని మొదలుపెట్టింది, మన రాష్ట్రమూ క్యారవాన్ టూరిజం అంటోంది. మా ఆయన అప్పుడే దారి గీసేశారు: విశాఖలో బండి తీసుకుని ముత్యాలమ్మపాలెం, పూడిమడక, రేవుపోలవరం, మా రాజయ్యపేట, తర్వాత ఉప్పాడ బీచ్ రోడ్డు, కాకినాడ. ఎడారి లేకపోయినా ఇసుకకీ ఎండకీ లోటు లేదు. మా ఊరి ఒడ్డున పడవలు, ఆరేసిన వలలు పోగా బండి ఎక్కడ పెడతారో మరి. 2025లో ఇక్కడి మత్స్యకారులు బల్క్ డ్రగ్ పార్కు వద్దు, మా సముద్రం మాకు కావాలి అని వారాల తరబడి టెంటు వేసుకుని కూర్చున్నారు. ఆ ఒడ్డుకు కాఫీ కప్పుతో వెళ్లి కూర్చునేవాళ్లు కనీసం ఎవరి వాకిట్లో కూర్చున్నామో తెలుసుకుని కూర్చుంటే బాగుంటుంది.

మాకు చేపలు తెచ్చే ఆమెతో ఈ క్యారవాన్ సంగతి చెప్పాను. తట్ట దించి, "ఊరెల్లి కూడా వండుకోవాలేటమ్మా? మరింటికాడ పొయ్యికేటయింది?" అంది. ఆమె తట్టతో నక్కపల్లి, ఉపమాక తిరిగిన రోజు మధ్యాహ్నం హోటల్లో కూర్చుని రెండిడ్లీలు, టీ తెప్పించుకుంటుంది. ఆ పూట ఆమె వండదు. బండి అద్దెకు వేలు పోసే మేము మాత్రం "బయటి తిండి ఖర్చు" అంటాం. "బయటి తిండి పడదు" అనే మాట ఇంకోటి. పెళ్లికి ముందు ఆరేళ్లు మెస్సుల్లో తిన్న మనిషికి పెళ్లయ్యాక పడకపోవడం ఏం జబ్బో! దారిలో తునిలో భోజనం దొరుకుతుంది, అన్నవరంలో ఆకులో కట్టిన ప్రసాదం ఉంది. ఆకలితో ఎవరూ పోరు.

మనలోనూ కొందరున్నారు. "నా చేతి వంట తప్ప ముట్టరండీ" అని మురిసిపోతూ ప్రయాణానికి ముందు రోజే కారప్పొడి, ఆవకాయ, రైస్ కుక్కరు సర్దేస్తారు. అమ్మా, ఆయన ముట్టడు సరే, మీరు సముద్రం ముట్టుకుని ఎన్నాళ్లయింది?

నా షరతు మా ఆయనకు చెప్పేశాను. బండిలో స్టవ్వు వెలిగించకుండా దారిలో తింటూ వెళ్దాం. లేదూ వండుకోవాలంటే, నాకు కారు వచ్చు కాబట్టి నేను నడుపుతాను, మీరు వండండి.

"అంత పెద్ద బండి నువ్వు నడుపుతావా?" అన్నారు.

"అంత చిన్న వంటింట్లో వండగలనని మీరే అన్నారుగా" అన్నాను.

బండి ఇంకా బుక్ చేయలేదు. మొన్న ఆదివారం పొద్దున్న మా ఆయన ఉప్మా చేశారు. కొంచెం ఉండ కట్టింది. తిన్నాం.